షరాబు వట్టం

మా మేనల్లుడు జర్మనీలో పైచదువుకు బయలుదేరుతున్నాడని కబురు వస్తే, వాడిని సాగనంపడానికి మా ఊరు వడమాలపేట వెళ్ళాను. సాయంత్రం ఇంటిముందు తిన్నెమీద కూర్చొని ఉండగా వాడొక ప్రశ్న వేశాడు. "మామా, దుడ్లు నోట్లుగా తీసుకొని పోవాలా, కార్డు ఉంటే చాలా?" నేను నోరు తెరిచేలోగా పక్కన నులకమంచం మీద నడుము వాల్చిన మా చిన్నాయన అందుకొన్నాడు.

"నోటు కాగితం రా అబ్బోడా. కార్డు అట్టముక్క. ఊరు దాటినాక ఎవుడో ఒకడు ఒప్పుకుంటేనే అది దుడ్డు."

చిన్నాయన కువైటులో ఆరేళ్ళు డ్రైవరుగా పనిచేసి, 1990లో ఒక్క చేతిసంచితో తిరిగివచ్చినవాడు. ఆయన మాటకు వెనుక ఒక కథ ఉంది. నాకూ ఒక కథ ఉంది, వియన్నా నగరంలో జరిగినది. ఆ రెంటినీ మేనల్లుడికి చెబుతూ చెబుతూ చాలా వెనక్కి వెళ్ళిపోయాను. రాత్రి భోజనాలకు పిలుపు వచ్చేటప్పటికి గోల్కొండ సుల్తానుల కాలంలో ఉన్నాను. ఆనాడు నోటితో చెప్పినదానిని ఇప్పుడు కాస్త కుదురుగా రాసిపెడుతున్నాను.

మద్రాసునుంచి పుత్తూరు మీదుగా తిరుపతి వెళ్ళే దారి మా ఊరి మీదుగానే పోతుంది. ఇవాళ ఆ దారిలో వడమాలపేట పేరు వినగానే బండ్లవాళ్ళకు గుర్తుకువచ్చేది టోల్‌గేటు. అద్దానికి అతికించిన చీటీని యంత్రం చూస్తుంది, ఎక్కడో ఖాతాలో డబ్బు తరుగుతుంది, కర్ర పైకి లేస్తుంది. దక్షిణాదినుంచి కొండకు వచ్చే యాత్రికులు తరతరాలుగా నడిచిన తోవ ఈ సీమది. ఆ యాత్రికుల మొలలో, మూటలో, ఎద్దుబండి పరుపుకింద ఏ డబ్బు ఉండేదన్న సంగతి మనం పెద్దగా ఆలోచించం.

ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసి. ఆయన 1830 మే 18న మద్రాసులో బయలుదేరి తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట బంధువులు, పరివారం కలిసి నూరుమంది దాకా ఉన్నారు. అంతమందికి పదిహేను నెలలపాటు రోజూ బియ్యం, కట్టెలు, బోయీలకు కూలి, ఏరు దాటితే పడవవాడికి రేవు కేవు, ఊరు దాటితే సుంకం! కాశీయాత్ర చరిత్రను మనలో చాలామంది వింతలకోసం, భాషకోసం చదువుతాం. ఈసారి ఖర్చులు పెట్టే మనిషి కళ్ళతో చదివి చూడండి, మరో పుస్తకంలా కనబడుతుంది.

ఆయన బయలుదేరేనాటికి దేశమంతటికీ ఒకే రూపాయి లేదు. ఈస్టిండియా కంపెనీ తన ఏలుబడికంతటికీ ఒకే మచ్చు రూపాయిని ఏర్పరచింది 1835లో. అంతకుముందు మద్రాసు రూపాయి వేరు, బంగాళా రూపాయి వేరు, నిజాము రాజ్యంలో నాణెం వేరు, నాగపూరు భోంసలేలది వేరు. మద్రాసులో వరహాల లెక్క పోయి రూపాయల లెక్క వచ్చి అప్పటికి పన్నెండేళ్ళే అయింది. కృష్ణ దాటి నిజాము సీమలో అడుగుపెట్టడమంటే డబ్బు మటుకు విదేశంలో అడుగుపెట్టడమే. ఆ వేరుదనం చాలాకాలం నిలిచింది. హైదరాబాదు హాలీ సిక్కా ఏడిస్తే బ్రిటిషు కల్దారు రూపాయలు ఆరు వచ్చే లెక్క మన తాతలకు నోటిమీద ఉండేది. హాలీ సిక్కా పూర్తిగా చెల్లుబాటు కాకుండా పోయింది 1959లో. అంటే బెజవాడనుంచి హైదరాబాదు వెళ్ళి డబ్బు మార్చుకొన్నవారు నిన్నమొన్నటి దాకా మన మధ్యనే ఉన్నారు.

ఈ మార్పిడి చేసిపెట్టేవాడు షరాబు. నాణెం చేతిలోకి తీసుకొని, గీటుమీద గీసి, చెవిదగ్గర మోగించి, అరిగినదా, గీచినదా, ఏ టంకసాలదో చెప్పి, ఇంత వట్టం పోను ఇంత ఇస్తానంటాడు. వట్టమంటే ముఖవిలువలో కోత. చక్కటి మాట, వాడుకలోంచి జారిపోతున్నది. బాంకులవారు ఇవాళ దానికి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకొన్నారుగాని వస్తువు మారలేదని ముందుముందు చూద్దురుగాని.

పెద్ద మొత్తాలు నాణేలుగా మోయడం దొంగలను పిలిచి తాంబూలమిచ్చినట్టే. అందుకోసం హుండీ పుట్టింది. ఇక్కడ మా ప్రాంతంవారికి ఒక చిక్కుంది. మాకు హుండీ అంటే కొండమీది హుండీయే, శ్రీవారి కొప్పెర. వర్తకుల హుండీ అది కాదు, అదొక పత్రం. ఈ ఊరి షరాబు దగ్గర డబ్బు కట్టి, ఆ ఊరిలోని అతని కోఠీకి చీటీ రాయించుకొంటారు. "ఇది తెచ్చినవారికి ఇంత సొమ్ము చెల్లించవలసినది" అని. చూపిన వెంటనే చెల్లించవలసినది దర్శనీ హుండీ, గడువు తరువాత చెల్లించవలసినది ముద్దతీ హుండీ. దర్శనీ అన్న మాట నాకు ఎంతో నచ్చుతుంది. చీటీ వెళ్ళి షరాబు దర్శనం చేసుకొంటుంది, ఆయన వరమిస్తాడు. 1881లో ఆంగ్లేయులు చెల్లుబాటు పత్రాల చట్టం చేసినప్పుడుకూడా దేశభాషలలోని హుండీల ఆచారాల జోలికి పోకుండా వదిలిపెట్టారు. ఆ ఆచారం అంత బలమైనది.

ఈ సేవకు వెల ఎంత? పదిహేడో శతాబ్దంలో వజ్రాలకోసం గోల్కొండకు పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే తన యాత్రాగ్రంథంలో, 1676లో అచ్చయినది, సూరత్ మీద ఏ ఊరినుంచి హుండీ రాయిస్తే ఎంత పడుతుందో పట్టిక ఇచ్చాడు. ఢాకానుంచి అయితే నూటికి పది. ఆగ్రానుంచి నాలుగూ పాతికనుంచి అయిదు. గోల్కొండనుంచి నాలుగునుంచి అయిదు. ఆ కోతలో గడువుకు వడ్డీ ఉంది, దారిలో అపాయం ఉంది, నడుమనున్న రాజుల సుంకాల భయం ఉంది. గోల్కొండ లెక్క, నూటికి నాలుగునుంచి అయిదు, దయచేసి గుర్తు పెట్టుకోండి.

యూరపులో ఇదే పనిని 1772 ప్రాంతంలో లండనులో రాబర్ట్ హెరీస్ అనే బాంకరు సర్క్యులర్ నోట్లతో చేశాడు. 1874లో థామస్ కుక్ సంస్థ తన యాత్రికులకు అటువంటివే ఇచ్చింది. 1891లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ట్రావెలర్స్ చెక్కు తెచ్చింది. దానిలోని కిటుకల్లా రెండు సంతకాలు. కొన్ననాడు ఒకటి, మార్చుకొనేనాడు ఎదుటివాడి కళ్ళముందు ఇంకొకటి. రెండూ కలిస్తే నువ్వు నువ్వే. నేను 1999లో మొదటిసారి లండను వెళ్ళినప్పుడు నా దగ్గర ఉన్నవి ఇవే. ఆందోళనతో నా రెండో సంతకం ఎప్పుడూ మొదటిదానికన్నా కొంచెం వంకరగా పడేది. గాజు వెనకనున్న అమ్మాయి రెంటినీ పోల్చి చూస్తున్నంతసేపు పరీక్షాఫలితాలకోసం నిలబడినట్టుండేది.

అయినా మాది అదృష్టం. మాకన్నా ముందు తరానికి ఆ చెక్కులుకూడా గగనకుసుమాలే. స్వాతంత్ర్యానంతరం మనకు విదేశీమారకం ఎప్పుడూ కరువే. 1966 జూన్ 6న డాలరు ధర 4.76 రూపాయలనుంచి ఒక్కసారిగా 7.50కి పెరిగింది. 1960లలో, 1970ల తొలినాళ్ళలో అమెరికా వెళ్ళిన మన వైద్యులు, ఇంజనీర్లు ఎవరిని కదిపినా చెప్పే కథ ఒకటే, జేబులో ఎనిమిది డాలర్లు. ప్రభుత్వం చేతికిచ్చి పంపిన పైకం అంతే. ఎనిమిది డాలర్లతో దిగినవాడికి విమానాశ్రయంలో ఎదురుచూసే మనిషి ఒకడు ఉండితీరాలి, లేకపోతే మొదటి రాత్రే వీధిన పడతాడు. అక్కడి తెలుగువారు ఒకరినొకరు అంత గట్టిగా పట్టుకొని ఉండడంలో భాషాభిమానం ఎంతో, ఈ ఎనిమిది డాలర్ల వాటా ఎంతో, ఎవరైనా తీరికగా తేల్చవలసిన విషయం. 1974 జనవరి 1న అమలులోకి వచ్చిన ఫెరా చట్టం కింద అనుమతి లేకుండా పరాయిదేశపు డబ్బు దగ్గర పెట్టుకోవడం నేరం. బంధువు ప్రేమగా ఇచ్చిన ఇరవై డాలర్ల నోటుకూడా దాచుకోదగినది కాదు.

ఈ కరువు పరాకాష్ఠకు చేరింది 1991లో. బంగారాన్ని విమానాలకెత్తి విదేశాలలో కుదువపెట్టవలసి వచ్చింది. ఆ రోజుల్లో ఆర్థిక మంత్రిత్వశాఖలో విదేశీ చెల్లింపుల వ్యవహారం చూసిన అధికారి వై.వి.రెడ్డిగారు, కడప జిల్లా పాటూరులో పుట్టినవారు. ఆయనే 2003లో రిజర్వు బాంకు గవర్నరయ్యారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో, ఏ కారణమూ అడగకుండా ఏడాదికి 25,000 డాలర్లదాకా బయటికి పంపుకోవచ్చునని రిజర్వు బాంకు ప్రజలకు అనుమతినిచ్చింది. అప్పు దొరకని రోజులను, నిల్వలు పొంగిన రోజులను ఒకే మనిషి రెండు కుర్చీలలోంచి చూడడం చరిత్రలో అరుదు. నడుమ 2000 జూన్ 1న ఫెరా పోయి ఫెమా వచ్చింది. నేరం కాస్తా నియమోల్లంఘన అయింది. ఆ 25,000 పెరుగుతూ పోయి, 2013లో రూపాయి జారినప్పుడు 75,000కు కుదించుకుపోయి, 2015లో 2,50,000 దగ్గర నిలిచింది.

ఇక చిన్నాయన కథ. రాజంపేట, రాయచోటి, కడప, మా చిత్తూరు పల్లెలు, ఈ ప్రాంతాలనుంచి కువైటుకు పోనివాళ్ళున్న వీధి దొరకడం కష్టం. మగవాళ్ళు బండ్లు నడపడానికి, ఆడవాళ్ళు ఇళ్ళలో వంటకు, పిల్లలను చూసుకోవడానికి. చిన్నాయన 1984లో వెళ్ళాడు. కువైటు దినారంటే అప్పటికీ ఇప్పటికీ ప్రపంచంలో బరువైన డబ్బులలో ఒకటి. మూడున్నర డాలర్లకు దగ్గరగా ఉండేది. ఆయనకు బాంకుఖాతా లేదు. యజమాని నెలకొకసారి నోట్లు చేతిలో పెట్టేవాడు. కొంత డ్రాఫ్టు తీసి ఊరికి పంపేవాడు, కొంత చెల్లెలి పెళ్ళికని ట్రంకుపెట్టెలో దాచేవాడు.

1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యం కువైటులోకి వచ్చింది. వారాల వ్యవధిలో ఇరాకు దినారూ కువైటు దినారూ సమానమని ప్రకటించారు. బజారులో ఇరాకు దినారు విలువ దానిలో చిన్న ముక్కకూడా కాదు. ఆ తరువాత కువైటు దినారు చెల్లనే చెల్లదన్నారు. చిన్నాయన బస్రా, బాగ్దాదుల మీదుగా జోర్డానుదాకా బస్సుల్లోనూ లారీల్లోనూ పడి వచ్చి, అమ్మానులో మన విమానాలకోసం పద్దెనిమిది రోజులు గుడారంలో ఉన్నాడు. ఆ రెండు నెలల్లో ఎయిరిండియా లక్షమందికి పైగా అక్కడినుంచి తరలించింది.

"దినార్లు ఎంత తెచ్చుకున్నావు చిన్నాయనా?" అని అడిగాను, తెలిసినా.

"ఆరేండ్లవి. నీళ్ళ బాటిలుకు పది దినార్ల నోటు చూపిస్తే ఆ యప్ప నవ్వినాడు. మన రూపాయల్లో నూట ఇరవై తిరపతి టిక్కెట్లు అది. నవ్వి, నీళ్ళు ఊరికే ఇచ్చినాడు."

ఆ నూట ఇరవై టిక్కెట్ల లెక్క ఆయనే అక్కడికక్కడ కట్టినది. సరిచూడవద్దు. యుద్ధం ముగిశాక 1991 మార్చి 24న కువైటు కొత్త నోట్లు విడుదల చేసి పాతవాటిని రద్దు చేసింది. దోపిడీకి గురైన వరుసల నోట్లు మార్పిడికికూడా నోచుకోలేదు. ఐక్యరాజ్యసమితి ఏర్పరచిన నష్టపరిహార సంఘం, ఆ కాలంలో ప్రాణాలు అరచేత పట్టుకొని వచ్చేసినవారికి ఒక్కొక్కరికి 2,500 డాలర్లు, ఇతర వర్గాలలో దావా వేయబోమని ఒప్పుకొంటే 4,000 డాలర్లు అని నిర్ణయించింది. ఆ డబ్బు ఏళ్ళ తరువాతగాని రాలేదు. దానికోసమే చిన్నాయన జీవితంలో మొదటి బాంకుఖాతా పుత్తూరులో తెరిచాడు. చెల్లెలి పెళ్ళి అప్పటికే అప్పుచేసి అయిపోయింది. పాత పావు దినారు నోటొకటి ఇప్పటికీ రేషనుకార్డు కవరులో పెట్టుకొని ఉన్నాడు.

డబ్బిచ్చే యంత్రం పుట్టుకకు మనదేశంతో ఒక బీరకాయపీచు చుట్టరికం ఉంది. 1967 జూన్ 27న లండను శివారు ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బాంకు మొట్టమొదటి నగదుయంత్రాన్ని తెరిచింది. దాన్ని రూపొందించిన జాన్ షెపర్డ్ బారన్ పుట్టింది షిల్లాంగులో, 1925లో. అప్పటికి ప్లాస్టిక్ కార్డు లేదు. స్వల్పంగా రేడియోధార్మికత పూసిన కాగితపు చెక్కును యంత్రం గుర్తుపట్టి పది పౌండ్లు ఇచ్చేది. రహస్యసంఖ్య ఆరంకెలుండాలని ఆయన అనుకొంటే, వంటింటి బల్లదగ్గర భార్య కారొలీన్, నాకు నాలుగే గుర్తుంటాయని అన్నదట. ప్రపంచంలో ఎక్కువ భాగం ఇప్పటికీ ఆ ఇల్లాలి జ్ఞాపకశక్తి మేరకే నడుస్తున్నది. రహస్యసంఖ్య మేధోహక్కు మాత్రం అంతకు ఏడాది ముందే స్కాట్లండు ఇంజనీరు జేమ్స్ గుడ్‌ఫెలో పేర నమోదైంది. ఎవరు ముందన్న తగవు వారిద్దరి మధ్యా చివరిదాకా తెగలేదు.

ఈ యంత్రాన్ని తెలుగులో ఏమనాలని ఒకప్పుడు మనం పోట్లాడుకొన్నాం. స్వయంచాలిత ధనప్రదాయిని అని ఒకరు, పైకపుపెట్టె అని మరొకరు. మా ఊళ్ళో ఎవరూ పోట్లాడలేదు. ఏటీయం అన్నారు, అయిపోయింది.

మనదేశంలో మొదటి యంత్రం 1987లో బొంబాయిలో హెచ్‌ఎస్‌బీసీ బాంకు పెట్టింది. కార్డుల విషయంలో తెలుగువాళ్ళు ముందే ఉన్నారు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బాంకు 1981లోనే క్రెడిట్‌కార్డు తెచ్చింది. ఆ బాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బాంకులో కలిసిపోయింది. ఒక బాంకు కార్డు ఇంకొక బాంకు యంత్రంలో పనిచేసేలా దేశమంతటినీ కలిపిన నేషనల్ ఫైనాన్షియల్ స్విచ్ 2004లో మొదలైనది హైదరాబాదులోనే, రిజర్వు బాంకు నెలకొల్పిన ఐడీఆర్‌బీటీ సంస్థలో. స్విచ్ అంటే చౌరస్తాలో నిలబడిన దుబాసి అనుకోండి. ఫలానా కార్డు వచ్చింది, ఫలానా సొమ్ము అడుగుతున్నది, మీవాడేనా, ఇవ్వమంటారా అని ఆ యంత్రం తరఫున ఈ బాంకును అడిగి, ఔననో కాదనో క్షణాల్లో తిరిగి చెబుతుంది. దేశం దాటితే ఆ దుబాసితనం వీసా, మాస్టర్‌కార్డులు చేస్తాయి. 2012లో పుట్టిన మన రూపే కొన్ని దేశాలలో చేస్తుంది.

నా కార్డు 2007 అక్టోబరులో, ఒక శుక్రవారం సాయంత్రం, వియన్నాలో ఈ ప్రశ్నకు కాదన్న సమాధానం తెచ్చుకొంది. ఏ బాంకుదన్నది ఇక్కడ అనవసరం. లండనులో పని ముగించుకొని నాలుగు రోజులు ఒంటరిగా తిరిగివద్దామని బయలుదేరాను. ట్రావెలర్స్ చెక్కులు పాతకాలపు సరుకని వెక్కిరించి, ఒకే ఒక్క కార్డు నమ్ముకొన్నాను. అది వెనక నల్లటి అయస్కాంతపు పట్టీ ఉన్న రకం, యూరపులో అప్పటికే చిప్పుల కాలం నడుస్తున్నది. బుదపెష్టులో పొద్దున, వియన్నాలో సాయంత్రం డబ్బు తీయబోవడంతో, ఇది దొంగ వ్యవహారమని ఊళ్ళోని కంప్యూటరు తీర్పు చెప్పింది. యంత్రం కార్డును మింగింది. తెరమీద జర్మనులో రెండు వాక్యాలు కనిపించి మాయమయ్యాయి. జేబులో పదకొండు యూరోలు. బాంకు తెరిచేది సోమవారం. తెరిచినా, పరాయి బాంకు కార్డులను తిరిగి ఇవ్వరట, కత్తిరించేస్తారట. మా బాంకువారి సహాయకేంద్రం నన్ను ఇరవై నిమిషాలు సంగీతం వినిపిస్తూ నిలబెట్టింది. ఆ సంగీతానికి తొమ్మిది యూరోలయ్యాయి.

పశ్చిమ రైల్వేస్టేషను దగ్గర ఒక ఇండియను హోటలు కనబడితే లోపలికి వెళ్ళి మంచినీళ్ళు అడిగాను. ఫోనులో ఇంటికి మాట్లాడుతుంటే వంటగదిలోంచి ఒకతను తలుపు సందుగా చూసి, "ఏ ఊరన్నా?" అన్నాడు. అతనిది నాయుడుపేట. విషయం విని, లోపలికి వెళ్ళి నూట యాభై యూరోలు తెచ్చి నా ముందు పెట్టాడు. అమ్మ ఒక్కతే ఉంటుందని, వీలైనప్పుడు ఆమెకు ముట్టజెప్పమని అన్నాడు. యూరో అప్పుడు 56 రూపాయలకు అటూయిటుగా ఉండేది. మా నాయన మరునాడు తెల్లవారి బస్సుకే శ్రీకాళహస్తి మీదుగా నాయుడుపేట వెళ్ళి, 8,400 రూపాయలు, గంపెడు సీతాఫలాలు ఆమెకు ఇచ్చివచ్చాడు. ఆమె కొడుకుతో ఫోనులో మాట్లాడించేదాకా డబ్బు తీసుకోలేదట. ఆ తరువాత మా నాయనను భోంచేయకుండా కదలనివ్వలేదట.

ఆలోచిస్తే అది అచ్చమైన దర్శనీ హుండీ. ఒక ఊళ్ళో పుచ్చుకొని ఇంకొక ఊళ్ళో చెల్లించడం, నడుమ మాట తప్ప మరేమీ లేకపోవడం. ఫెమా చట్టం కళ్ళకు మాత్రం అది హవాలా, తప్పు. ఆ సంగతి నాకు ఆనాడు తోచలేదు, తోచినా పుచ్చుకొనేవాణ్ణే. అతను వట్టం అడగలేదు.

ఆ తరువాత సంగతులు చాలా మారాయి. 2018 డిసెంబరు ఆఖరుకల్లా పట్టీ కార్డులన్నీ చిప్పు కార్డులుగా మార్చాలని రిజర్వు బాంకు గడువు పెట్టింది. 2020నుంచి కొత్తగా ఇచ్చే కార్డు మూసిన తలుపులతోనే వస్తుంది. విదేశాలలో పనిచేయాలంటే మనమే ఫోనులోనో బాంకులోనో దాన్ని తెరవాలి. ఇది మరచి విమానమెక్కి, అక్కడ దిగాక తెరవబోతే సంకేతసంఖ్య మన ఊరి ఫోను నంబరుకు వస్తుంది. ఆ నంబరు అక్కడ పలకదు. ఈ గుంటలో పడినవాళ్ళు నాకు తెలిసి నలుగురున్నారు. 2023 మేలో, క్రెడిట్‌కార్డుతో విదేశాలలో చేసే ఖర్చుకూడా ఆ 2,50,000 డాలర్ల లెక్కలోకి వస్తుందని ప్రభుత్వం ప్రకటించి, గోల లేచాక జూన్ చివర ఆ పనిని వాయిదా వేసింది. ఎనిమిది డాలర్ల నాటి అలవాట్లు అంత సులువుగా పోవు.

వట్టం మాటకు వస్తాను. యూరో 90 రూపాయలనుకొని, యంత్రంలో నూరు యూరోలు తీశామనుకోండి. 9,000 రూపాయలు. మారకపు సేవకని చాలా బాంకులు వేసేది నూటికి మూడున్నర, అంటే 315. ఆ 315 మీద పద్దెనిమిది శాతం పన్ను, 56 రూపాయల 70 పైసలు. మొత్తం 371 రూపాయల 70 పైసలు. నూటికి నాలుగు రూపాయల పదమూడు పైసలు. గోల్కొండనుంచి సూరత్‌కు తావెర్నియే చెప్పిన నాలుగుకూ అయిదుకూ నడుమన! ఎడ్లబండి లేదు, గడువు లేదు, దారిలో పిండారీలు లేరు, వార్త పోయి రావడానికి రెప్పపాటు చాలు. అయినా షరాబు ధర అక్కడే ఉంది. ఈ లెక్క మొదటిసారి కట్టినప్పుడు తప్పు చేశానేమోనని రెండుసార్లు సరిచూసుకొన్నాను. ఇవాళ తక్కువ వట్టంతోనో, అసలు లేకుండానో ఇచ్చే కార్డులు, ముందే యూరోలు నింపుకొని పోయే కార్డులు ఉన్నాయి. వెతికి తీసుకోవలసింది మనమే. క్రెడిట్‌కార్డుతో నగదు తీస్తే ఆ రోజునుంచే వడ్డీ, అదివేరు.

వట్టంమీద వట్టం ఇంకొకటుంది. ఒక్కొక్క యంత్రం మర్యాదగా అడుగుతుంది, మీ ఖాతాలో రూపాయలలోనే తగ్గించమంటారా అని. మన రూపాయి కనబడగానే ప్రాణం లేచివస్తుంది. ఔనన్నామా, ఆ యంత్రపువాడు తన సొంత మారకపు ధర కడతాడు. అది సాధారణంగా మన బాంకు వట్టంకన్నా ఎక్కువే. వద్దని, ఆ దేశపు డబ్బులోనే లెక్కవేయించుకోవాలి. పరాయి ఊళ్ళో మన భాషలో పలకరించిన ప్రతివాడూ నాయుడుపేటవాడు కాదు.

మేనల్లుడికి వేర్వేరు బాంకులవి, వేర్వేరు దుబాసీలవి రెండు కార్డులు తీయించాను, రెంటినీ ఒకే సంచిలో పెట్టవద్దన్నాను. వారం గడవడానికి యూరో నోట్లు ఇప్పించాను. జర్మనీవారు విద్యార్థులను ముందే ఒక కట్టుఖాతాలో డబ్బు వేయమంటారు. 2024 సెప్టెంబరునుంచి అది 11,904 యూరోలు, నెలకు 992 చొప్పున వదులుతారు. ఆ ఖాతా తెరుచుకోవడానికి రోజులు పడుతుంది. ఆ నడిమి రోజులే గండం.

వెళ్ళిన మూడోనాడు ఫ్రాంక్‌ఫర్టులో వాడు మొదటిసారి డబ్బు తీశాడు. యంత్రం రూపాయలా అని అడిగిందట, వద్దని నొక్కాడట. చీటీ ఫొటో, బాంకు పంపిన సందేశం రెండూ మా అందరికీ పంపాడు. చిన్నాయన కళ్ళజోడు పెట్టుకొని నా ఫోను దూరంగా పట్టి చూశాడు.

"ఎంత పట్టుకున్నాడు?"

"యంత్రానికిచ్చే రుసుముగాక, నూటికి నాలుగు రూపాయల చిల్లర చిన్నాయనా."

"నాలుగేనా!" అన్నాడు ఫోను నా చేతికిస్తూ. "నాకాడ నూటికి నూరూ పట్టుకున్నారు గదరా."